2200జీ నుంచి 5600కి: నల్లగొండ మేడగదిలో ఓవర్‌క్లాకింగ్ డైరీ

ఉన్న సామాను, కొలిచే పద్ధతి

రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. బి450 బోర్డు, వీఆర్ఎం చిప్పుల (ప్రాసెసర్‌కు కరెంటిచ్చేవి) మీద హీట్‌సింక్ కూడా లేని చవక రకం. 8 జీబీ డీడీఆర్4 2400 ర్యామ్ ఒక్కటే కర్ర. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 1650 గ్రాఫిక్స్ కార్డు. 500 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై). గది నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు, మేడ మీద, నేరుగా స్లాబు కింద. ఏసీ లేదు.

పగలు ఉద్యోగం, రాత్రి మా మామ స్టూడియోకి పెళ్లి వీడియోల ఎడిటింగ్. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు ప్రాసెసర్ మార్చాలి, మార్చేది ఓవర్‌క్లాక్‌కి, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించి నడపడానికి, పనికొచ్చేదై ఉండాలి. బడ్జెట్ రూ. 18,000.

కొలతకు ఒకే క్లిప్పు పెట్టుకున్నా: పోయినేడు పెళ్లిలోది, తలంబ్రాల ఘట్టం, 10 నిమిషాలు, 1080పీ, సెకనుకు 25 ఫ్రేములు. అంటే 15,000 ఫ్రేములు. వీడియో మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రామ్‌లో ఎక్స్264, మీడియం ప్రీసెట్, ప్రాసెసర్ మీదే. దాంతోపాటు ప్రాసెసర్ బలానికి మార్కులేసే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాల పరుగు. వేడి కోసం హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో. గది వేడి కోసం డిజిటల్ థర్మామీటర్. అది గోడకు కాదు, క్యాబినెట్ ముందు గాలి లోపలికి పోయే చోట పెట్టాలి. గోడకు తగిలిస్తే నాకు రెండు డిగ్రీలు తక్కువ చూపించింది.

ఈ గది వేడి రాసుకోకుండా ఎవరైనా “నా ప్రాసెసర్ 75లోనే ఉంది” అంటే ఆ లెక్క మనకు పనికిరాదు. వాళ్లు బెంగళూరులో ఉండొచ్చు.

దశ 1: ఉన్నదాన్నే పిండటం (జనవరి 7)

కొనేముందు పాతదాన్ని ఓవర్‌క్లాక్ చేసి చూశా. రైజెన్‌లో దాదాపు అన్నీ అన్‌లాక్డే, బి450 బోర్డు దాన్ని ఒప్పుకుంటుంది. ఏ320 బోర్డయితే ఆ దారే లేదు. మీ బోర్డు ఏదో ముందు చూసుకోండి. ఇక్కడి పాత కంప్యూటర్లలో ఏ320లే ఎక్కువ కనిపిస్తాయి.

మొదటి పరుగులోనే 93 డిగ్రీలు. ఇంకా ఏమీ పెంచలేదు. గది 25. క్యాబినెట్ విప్పి చూస్తే స్టెల్త్ కూలర్ (ప్రాసెసర్ డబ్బాలోనే వచ్చేది) రెక్కల మధ్య బూడిద రంగు దూది, వత్తి చేసి దీపం పెట్టుకోవచ్చు అన్నంత. మా వెనక రోడ్డులో జిన్నింగ్ మిల్లు ఉంది. దసరా నుంచి సంక్రాంతి దాకా పత్తి నూగు ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. పెయింటు బ్రష్షుతో ఊడ్చి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకొని బ్లోయర్ కొడితే 84కి దిగింది. పైసా ఖర్చు లేకుండా తొమ్మిది డిగ్రీలు. మొత్తం డైరీలో ఇంత చవక లాభం మళ్లీ రాలేదు.

తర్వాత 3.9 గిగాహెర్ట్జ్, 1.375 వోల్టులు. 4.0కి విండోస్ లోడయ్యేలోపే నీలి తెర.

క్లిప్పు మార్చడానికి పట్టిన సమయం (నిమిషాలు:సెకన్లు): మామూలుగా 6:38, ఓవర్‌క్లాక్‌తో 6:08. ఆర్23: 3,290 నుంచి 3,560. వేడి 91. ఒక క్లిప్పు మీద అరనిమిషం మిగిలింది. నాలుగు గంటల పెళ్లి సీడీ మీద పన్నెండు నిమిషాలు, అంతే. ఇది సరిపోదు.

ఇప్పటిదాకా ఖర్చు: థర్మల్ పేస్టు రూ. 450.

దశ 2: ఏది కొనాలి (జనవరి 8–13)

క్లాక్ టవర్ దగ్గరి షాపులో అడిగితే అతను సగం విని, “అన్నా, ఓవర్‌క్లాక్ అంటే కె ఉన్నదే తీసుకోవాలె. ఇంటెల్‌కు పో” అన్నాడు. సగం నిజం. ఇంటెల్‌లో కోర్ల మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే అంకె) పెంచాలంటే పేరు చివర కె ఉండాలి, దాంతోపాటు జెడ్ రకం చిప్‌సెట్ బోర్డూ కావాలి. ఆ రెండో మాట అతను చెప్పలేదు. ఐ5 13600కె తీసుకుంటే ప్రాసెసర్, బోర్డు కలిపే అప్పట్లో నా బడ్జెట్‌కు రెట్టింపు దాటేది. పైగా టర్బోలో అది 181 వాట్ల దాకా తాగగలదు. స్లాబు కింద గదిలో ఇంకో ఇస్త్రీపెట్టె అనవసరం.

కాబట్టి నా బోర్డుకున్న ఏఎం4 సాకెట్‌లోనే ఉండిపోవాలి. బోర్డు మార్చక్కర్లేదు, ర్యామ్ డీడీఆర్4 చాలు. రైజెన్ 7600కి పోతే ఏఎం5 బోర్డు, డీడీఆర్5 ర్యామ్ రెండూ కొత్తవే కొనాలి. చూసినవాటి మీద నా నోట్సు ఇవి, అన్నీ రైజెన్‌లే:

3600 (సెకండ్ హ్యాండ్): ఆరు కోర్లు. చవక. కానీ పాత తరం (జెన్ 2) కాబట్టి కర్వ్ ఆప్టిమైజర్, అంటే కోరు కోరుకూ వోల్టేజీ తగ్గించే సెట్టింగు, లేదు. ఈ డైరీ అంతా నడిచింది ఆ సెట్టింగు మీదే, అందుకే వద్దనుకున్నా.

5500: ఆరు కోర్లే, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) 16 ఎంబీ. 5600లో 32. గ్రాఫిక్స్ కార్డుకు పోయే దారి, అంటే పీసీఐఈ, 3.0 దగ్గర ఆగిపోతుందని చాలామంది తీసిపారేస్తారు. బి450 బోర్డే 3.0, కాబట్టి నాకు ఆ తేడా లెక్కలోకి రాదు. అప్పట్లో ధర తేడా రెండున్నర వేలు.

5600జీ: లోపలే గ్రాఫిక్స్ ఉంది, క్యాష్ 16 ఎంబీ. కార్డు లేనివాళ్లు ఇదే కొనాలి. ఇది గట్టిగా చెప్పాలి: 5600లో గ్రాఫిక్స్ లేదు. 2200జీ తీసి 5600 పెట్టి, కార్డు లేకుండా కేబుల్‌ను బోర్డుకే గుచ్చితే తెర నల్లగానే ఉంటుంది, ప్రాసెసర్ చచ్చిపోయిందని మీరు షాపుకు పరిగెత్తుతారు.

5700ఎక్స్: ఎనిమిది కోర్లు, కరెంటు పరిమితి మాత్రం 5600 లాగే 76 వాట్లు. నిజానికి నా పనికి ఇదే సరైంది. డబ్బాలో కూలర్ రాదు, మొత్తం కలిపితే బడ్జెట్ దాటింది.

5800ఎక్స్3డీ: మల్టిప్లయర్ లాక్. ఓవర్‌క్లాక్ కోసం వెతికేవాడికి ఇది వద్దు.

5600 తీసుకున్నా. 3.5 నుంచి 4.4 గిగాహెర్ట్జ్, 65 వాట్ల టీడీపీ. అసలు పరిమితి, అంటే పీపీటీ, 76 వాట్లు. గరిష్ఠ వేడి 90 డిగ్రీలు. ఈ 90 అన్న అంకె చుట్టూ సున్నా గీసుకున్నా. మేలో గది 39 అనుకుంటే నా చేతిలో ఉన్నది 51 డిగ్రీలే. జనవరిలో 65. డబ్బా మీద గిగాహెర్ట్జ్ ఎంతున్నా, నేను కొనుక్కుంటున్నది ఈ 51 డిగ్రీల జాగా.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పొద్దున బస్సెక్కి సాయంత్రానికి వచ్చా. అక్కడా ఒకతను 5600జీ అంటగట్టబోయాడు, “గ్రాఫిక్స్ ఫ్రీగ వస్తది భయ్యా” అని. కొనేటప్పుడు షాపులోనే చేయాల్సినవి:

1. డబ్బా కిటికీలోంచి కనిపించే ప్రాసెసర్ మీది పేరు, డబ్బా మీది పేరు ఒకటేనా చూడాలి.
2. సీలు అక్కడే కోయించి, పిన్నులను పక్క నుంచి వెలుగుకు ఎదురుగా పెట్టి చూడాలి. అడ్డం నిలువు గీతలన్నీ సూటిగా ఉండాలి.
3. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించాలి.

వారంటీ గురించి ఒక మాట: పీబీఓ (ప్రాసెసర్ తనంతట తానే ఇంకా పైకి ఎగిరేలా పరిమితులు పెంచే సెట్టింగు) ఆన్ చేసినా ఓవర్‌క్లాక్ కిందే లెక్క, ఏఎండీ వారంటీ దానికి వర్తించదు. తెలిసే దిగాను.

ఇప్పటిదాకా: 450 + 10,900 + బస్సు, ఆటోలు 400 = రూ. 11,750.

దశ 3: బయాస్ (జనవరి 14)

పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయాస్ (కంప్యూటర్‌ను లేపే, బోర్డు లోపలి ప్రోగ్రామ్) మార్చాలి. నా బోర్డులో 2019 నాటి బయాస్. దానికి 5600 అంటే ఏంటో తెలియదు.

అసలు భయం కరెంటు. ఫ్లాష్, అంటే కొత్త బయాస్ రాయడం, మధ్యలో పోతే బోర్డు ఇటుక. ఇన్వర్టరు ఉంది కదా అనుకున్నా, కానీ ముందు పరీక్షిద్దామని మెయిన్ స్విచ్ ఆఫ్ చేశా. లైట్లు రెప్ప కూడా కొట్టలేదు. కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అయింది. అంటే ఇన్నేళ్లూ ఇన్వర్టరు దాన్ని కాపాడటం లేదు.

ఇన్వర్టరు వెనక చిన్న స్విచ్ ఉంటుంది, గోడవైపు తిరిగి ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. మాది ఎకో మీద ఉంది. దాన్ని యూపీఎస్ మీదికి తిప్పితే బ్యాటరీకి మారే సమయం తగ్గుతుంది. మళ్లీ మెయిన్ ఆఫ్ చేశా, కంప్యూటర్ నిలబడింది. పదిసార్లు చేసి చూశా. ఆరోసారికి అమ్మ కిందినుంచి, “ఏందిరా, లైట్లతోటి ఆటలాడుతున్నవా?” అని అరిచింది. యూపీఎస్ మోడ్‌లో ఒక నష్టం: వోల్టేజీ 180కి అటూ ఇటూ ఊగితే చాలు బ్యాటరీకి దూకుతుంది. మోటార్లు నడిచే వేళల్లో మాకు రోజుకు నాలుగైదుసార్లు టిక్‌మంటోంది.

బయాస్ ఫైలు రెండుసార్లు తిరస్కరించింది. కారణాలు రెండు:

1. 64 జీబీ పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉంది. బయాస్‌కు ఎఫ్ఏటీ32 కావాలి. పాత 8 జీబీది వెతికి ఫార్మాట్ చేశా.
2. అంత పాత వెర్షన్ నుంచి నేరుగా కొత్తదానికి దూకనివ్వదు. మధ్యలో ఒక వెర్షన్ వేసి, తర్వాత చివరిది వేయాలి. బోర్డు కంపెనీ పేజీలో ఆ ఫైలు కిందే చిన్న అక్షరాల్లో రాసుంది. నేను చదవలేదు.

మొత్తం నాలుగు నిమిషాల పని. నాకు పట్టింది రెండున్నర గంటలు.

దశ 4: పిన్నులు (అదే రోజు రాత్రి)

దీని దగ్గర కాస్త ఆగుతా, ఎందుకంటే నాలాగే చాలామంది ఇక్కడ చేయి కాల్చుకుంటారు.

ఏఎం4లో పిన్నులు బోర్డుకు కాదు, ప్రాసెసర్‌కు ఉంటాయి. 1,331 పిన్నులు. కూలర్ విప్పేటప్పుడు పాత పేస్టు గట్టిపడి ఉంటే కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా సాకెట్ లాక్ పడి ఉండగానే పీక్కుని వస్తుంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసి కూడా, కంప్యూటర్ ఆపి గంటన్నర భోజనం చేసొచ్చి, చల్లారిన కూలర్‌ను పట్టుకొని పైకి లాగా. “టప్” మని ఒక చప్పుడు. చేతిలో కూలర్, దాని అడుగున అతుక్కొని 2200జీ.

ఓ మూల పన్నెండు పిన్నులు ఒకేవైపు వాలిపోయాయి, గాలికి వరి పడిపోయినట్టు. కొత్తది డబ్బాలోనే ఉంది కాబట్టి బతికిపోయా. బోర్డు సాకెట్‌లో రంధ్రాలకు ఏం కాలేదు. సరిచేసిన తీరు:

1. మొదట కూలర్ నుంచి ప్రాసెసర్‌ను విడదీయాలి. హెయిర్ డ్రయ్యర్ రెండు నిమిషాలు కొట్టి, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని మధ్యలోకి పోనిచ్చి రంపంలా లాగా. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు.
2. 0.7 మిల్లీమీటర్ల లెడ్ పెన్సిల్‌లో లెడ్ తీసేసి, ఆ ఖాళీ గొట్టాన్ని పిన్ను మీదకు తొడిగి నెమ్మదిగా నిలబెట్టాలి.
3. పాత ఏటీఎం కార్డును వరుసల మధ్య పెట్టి రెండు దిక్కులా సూటి చూసుకోవాలి.
4. సాకెట్‌లో వేసేటప్పుడు వేలితో నొక్కొద్దు. సరిగ్గా ఉంటే దాని బరువుకు అదే దిగుతుంది.

ఫోన్ టార్చి నోట్లో పట్టుకొని గంటా ఇరవై నిమిషాలు. 2200జీని మళ్లీ బోర్డులో పెట్టి ఒక రాత్రంతా నడిపించా, బాగానే ఉంది.

సరైన పద్ధతి ఇదీ: కంప్యూటర్‌ను పదిహేను నిమిషాలు సినీబెంచ్‌తో వేడి చేసి, ఆపిన వెంటనే, కూలర్‌ను ముందు కుడిఎడమలుగా తిప్పుతూ వదులు చేసి, ఆ తర్వాతే పైకి తీయాలి.

5600 పెట్టి ఆన్ చేయగానే, కొత్త ప్రాసెసర్ వచ్చింది, ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో తాళాలు దాచే చోటు) రీసెట్ చేయమంటావా, వై నొక్కు లేదా ఎన్ నొక్కు అని ఇంగ్లిష్‌లో ఒక నల్ల తెర వస్తుంది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. నాకు ఆఫ్‌లో ఉంది, వై నొక్కా.

దశ 5: ర్యామ్, నా వల్ల దండగైన ఖర్చు (జనవరి 20)

పాత 2400 కర్రకు తోడుగా 3200 కర్ర ఒకటి కొన్నా, రూ. 1,750. ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగానికి తెచ్చే సెట్టింగు) ఆన్ చేస్తే తెర రాదు. మూడుసార్లు తనే ఆన్ ఆఫ్ అయి, చివరికి 2400 దగ్గర నిలబడింది. రెండు కర్రల్లో నెమ్మదైనది ఎంతో, జత కూడా అంతే పరుగెడుతుంది. ఇది కూడా తెలిసిన సంగతే. నాలుగు రోజులు టైమింగులతో కుస్తీ పట్టి, ఓడిపోయి, రెండో 3200 కర్ర కూడా కొన్నా. రెండూ ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి.

2400 జతతో క్లిప్పు 2:20. 3200 జతతో 2:15. ఐదు సెకన్లకు పదిహేడు వందల యాభై. ఎన్‌కోడింగ్ పనికే అయితే ఈ డబ్బు పెట్టకండి. గేములు ఆడేవాళ్లకు తేడా తెలుస్తుందేమో, నాకు అంత తీరిక లేదు.

ఇప్పటిదాకా: 11,750 + 1,750 + 1,750 = రూ. 15,250.

దశ 6: స్టెల్త్ కూలర్ మీద ఓవర్‌క్లాక్ (జనవరి 21 – ఫిబ్రవరి 4)

ఏమీ ముట్టుకోకుండా: అన్ని కోర్లూ 4.29 గిగాహెర్ట్జ్, 76 వాట్లు, 80 డిగ్రీలు, గది 25. ఆర్23 10,640. క్లిప్పు 2:15. అంటే పాతదానికి దాదాపు మూడు రెట్లు. ఇక్కడే ఆగిపోయినా నష్టం లేదు.

మొదట పాత పద్ధతి, అంటే అన్ని కోర్లకూ ఒకే అంకె బిగించడం: 4.5, 1.275 వోల్టులు. రెండో నిమిషంలో 92 చూసి నేనే ఆపేశా.

తర్వాత పీబీఓలో పరిమితులు ఎత్తేశా. వెంటనే 90కి తగిలి, వేడికి తనే వెనక్కి తగ్గింది. స్కోరు 10,710. ఇంత రొదకు డెబ్భై పాయింట్లు. చిన్న కూలర్ మీద వాట్లు పెంచితే వచ్చేది శబ్దమే.

ఇక మిగిలింది కర్వ్ ఆప్టిమైజర్. ఒక్కో కోరుకు ఎంత వేగానికి ఎంత వోల్టేజీ ఇవ్వాలో కంపెనీ గీసిన గీత ఒకటి ఉంటుంది. దాన్ని మైనస్‌లోకి జరిపితే అదే వేగానికి తక్కువ వోల్టేజీ పోతుంది. ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మైనస్ 30 దాకా దిగొచ్చు.

నేను అన్నింటికీ మైనస్ 30 పెట్టేశా. సినీబెంచ్ అరగంట నడిచింది. హ్యాండ్‌బ్రేక్ నడిచింది. అయిపోయిందనుకొని పడుకున్నా. పొద్దున లేచి చూస్తే లాగిన్ తెర. రాత్రి మూడింటికి, ఏ పనీ లేనప్పుడు, రీస్టార్ట్ అయింది. విండోస్ తప్పులు రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్, ఈవెంట్ 18, క్యాష్ హైరార్కీ ఎర్రర్.

నాకు రెండు ఆదివారాలు పోయాక అర్థమైంది ఇదీ: కర్వ్ తప్పు బరువు పనిలో బయటపడదు. అన్ని కోర్లూ కష్టపడుతున్నప్పుడు వేగం కాస్త కిందే ఉంటుంది, అక్కడ జాగా ఎక్కువ. ఒక్క కోరు ఖాళీగా కూర్చొని హఠాత్తుగా పైకి ఎగిరినప్పుడే వోల్టేజీ చాలక పడిపోతుంది. కాబట్టి పరీక్ష కూడా ఒక్కో కోరు మీద విడివిడిగా చేయాలి:

1. కోర్‌సైక్లర్ అనే ప్రోగ్రామ్ వేసి ప్రైమ్95 పరీక్షను ఒక్కో కోరు మీద ఆరేసి నిమిషాలు నడపాలి, కనీసం రాత్రంతా.
2. తప్పిన కోరు నంబరు రాసుకొని దానికి మాత్రమే మూడు అంకెలు వెనక్కి రావాలి.
3. ఒకసారి ఒకే కోరు మార్చాలి. నేను ఒకేసారి మూడు మార్చి, ఏది కుదిరిందో తెలియక మళ్లీ మొదటికొచ్చా.
4. ఎర్రర్ లేకుండా రెండు రాత్రులు గడిస్తేనే నమ్మాలి.

నా అంకెలు చివరికి: 0 నుంచి 5 దాకా వరుసగా మైనస్ 25, 12, 25, 15, 25, 22. మీ ప్రాసెసర్‌కు ఇవి పనికిరావు, ఏ రెండూ ఒకలా ఉండవు. కానీ తీరు మాత్రం ఇలాగే ఉంటుంది: కంపెనీ “మంచి కోర్లు” అని గుర్తు పెట్టినవే తక్కువ మైనస్‌కు ఒప్పుకుంటాయి. వాటిని కంపెనీయే ముందే పిండేసి పంపిస్తుంది కదా.

ఫలితం: 4.44 గిగాహెర్ట్జ్, 71 వాట్లు, 76 డిగ్రీలు. ఆర్23 11,010. క్లిప్పు 2:10. వేగం పెరిగి, వేడి తగ్గింది. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన లైను ఇది.

దశ 7: టవర్ కూలర్, కొత్త తంటా (ఫిబ్రవరి 18)

ఎండాకాలం లెక్క వేస్తే 39 గదిలో స్టెల్త్ నన్ను 90కి తోస్తుంది. నాలుగు హీట్‌పైపుల టవర్ కూలర్ కొన్నా, రూ. 2,150. కొనేముందు బోర్డు నుంచి పక్క తలుపు దాకా స్కేలు పెట్టి కొలవండి. బిగించేటప్పుడు క్యాబినెట్‌ను పడుకోబెట్టండి. నిలబెట్టి విప్పితే వెనక ప్లేటు జారి లోపల పడుతుంది, నాకు పడింది.

జాగా దొరికింది కదా అని బూస్ట్‌కు 200 మెగాహెర్ట్జ్ అదనం ఇచ్చి పరిమితి పెంచా. 4.6 గిగాహెర్ట్జ్, 95 వాట్లు, 74 డిగ్రీలు, గది 28. ఆర్23 11,370. క్లిప్పు 2:06.

అరగంటకు ఏదో కాలినట్టు సన్నని వాసన. ప్రాసెసర్ 74లోనే ఉంది. మరి వాసన ఎక్కడిది? కరోనా అప్పుడు కొన్న నుదుటి థర్మామీటర్ తెచ్చి బోర్డుకు గురిపెడితే “హై” అంది. అది 43 దాటితే అంతే అంటుంది, దానికి అది జ్వరమే. పక్కింటి ఏసీ మెకానిక్ దగ్గర చూసి, ఇన్‌ఫ్రారెడ్ గన్ రూ. 850కి నేనూ కొన్నా. వీఆర్ఎం చిప్పులు 96 డిగ్రీలు. (వాసన దాని పక్కనే అతుక్కుపోయిన పాత స్టిక్కరుది.)

కారణం: స్టెల్త్ గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదుతుంది. ఆ గాలి చుట్టూ పారి వీఆర్ఎంను కూడా చల్లార్చేది. టవర్ కూలర్ గాలి పక్కకు పోతుంది, బోర్డుకు తగలదు. కూలర్ మార్చి ప్రాసెసర్‌ను బతికించి, దానికి కరెంటిచ్చే చిప్పులను ఉడకబెట్టానన్నమాట. హీట్‌సింక్ లేని బోర్డున్నవాళ్లు ఇది తప్పక చూసుకోండి.

250 రూపాయల చిన్న ఫ్యాన్ ఒకటి వీఆర్ఎం ఎదురుగా ట్యాగులతో కట్టా. చూడ్డానికి తోరణం కట్టినట్టుంది. వేడి 74.

ఇప్పటిదాకా: 15,250 + 2,150 + 850 + 250 = రూ. 18,500. బడ్జెట్ దాటింది.

దశ 8: ఏప్రిల్ వచ్చింది

రెండు నెలలు ఒక్క ఎర్రర్ లేదు. ఏప్రిల్ 17, శ్రీరామనవమి, ఊరంతా పానకం తాగుతుంటే సాయంత్రం ఆరింటికి వీడియో ఎగుమతి మధ్యలో రీస్టార్ట్. మళ్లీ ఈవెంట్ 18. గది 37, ప్రాసెసర్ 84.

రెండు రాత్రులు కోర్‌సైక్లర్ నెగ్గి, అదనపు 200 మెగాహెర్ట్జ్‌తోనూ రెండు నెలలు నిలబడిన అంకెలు ఇవే. మారింది గది ఒక్కటే. వేడెక్కిన కొద్దీ అదే వేగానికి కాస్త ఎక్కువ వోల్టేజీ కావాలి. చలికాలంలో నేను అంచు దాకా గీకేసిన జాగా ఎండాకాలం వచ్చి తీసేసుకుంది.

గది వేడిని గంటగంటకూ రాసి చూశా. మధ్యాహ్నం రెండింటికి 36, సాయంత్రం ఆరున్నరకు 38. బయట చల్లబడుతుంటే లోపల పెరుగుతోంది. పగలంతా తాగిన ఎండను స్లాబు సాయంత్రం కక్కుతుంది. నేను పని చేసేది కూడా సరిగ్గా అప్పుడే. పరీక్షలన్నీ అర్ధరాత్రి దాటాక చేస్తూ వచ్చా, అది తప్పు.

ఎడారి కూలర్‌ను క్యాబినెట్ ఎదురుగా పెట్టి చూశా. ఆరు డిగ్రీలు తగ్గింది. రెండో రోజు పక్క తలుపు లోపల నీటి బొట్ల మరకలు, ఎండిపోయి తెల్లగా. మా బోరు నీళ్ల ఉప్పు అది. వెంటనే తీసేశా. ఇప్పుడు కూలర్ నావైపు తిప్పుకున్నా, కంప్యూటర్ దాని సంగతి అది చూసుకుంటుంది.

మార్చినవి:

1. అదనపు 200 మెగాహెర్ట్జ్ తీసేశా. 24 వాట్లు ఎక్కువ తాగి అది ఇచ్చింది నాలుగు సెకన్లు.
2. 1, 3 కోర్లను మైనస్ 8, మైనస్ 11కి తెచ్చా. మిగతావాటికి తలా మూడు అంకెలు వెనక్కి.
3. పీపీటీ 65 వాట్లకు బిగించా.
4. కోర్‌సైక్లర్‌ను సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా, కిటికీలు మూసి నడిపా. వరుసగా మూడు రోజులు.

మే 3, గది 39: 73 డిగ్రీలు, 4.32 గిగాహెర్ట్జ్, క్లిప్పు 2:14. ఎర్రర్లు లేవు.

అంటే షాపు నుంచి తెచ్చినప్పుడు, చలికాలంలో, ఏమీ ముట్టుకోకుండా వచ్చిన 2:15 దగ్గరికే మళ్లీ చేరా. తేడా ఏంటంటే అప్పుడు గది 25, వాట్లు 76, వేడి 80. ఇప్పుడు గది 39, వాట్లు 65, వేడి 73. మా తమ్ముడికి ఇదంతా చెబితే, “నాలుగు నెల్లు కష్టపడి ఒక సెకను తగ్గించినవా అన్నా” అన్నాడు. లెక్క తప్పేం కాదు.

జూన్ 12

2200జీని పిన్నుల కథ దాచకుండా చెప్పి, మా బావమరిదికి రూ. 2,600కి ఇచ్చా. పాత ర్యామ్ రూ. 700. మొత్తం ఖర్చు 18,500 నుంచి 3,300 పోగా రూ. 15,200.

నిన్న రాత్రి వాన గట్టిగా పడింది. పొద్దున గది 30. బయాస్‌లో రెండు ప్రొఫైళ్లు సేవ్ చేసి పెట్టుకున్నా, ఒకదాని పేరు ఎండ, ఇంకోదాని పేరు వాన. వాన ప్రొఫైల్ వేసి పీపీటీ 76 చేశా. 2:10. సాయంత్రం ఆరున్నరకు మళ్లీ కోర్‌సైక్లర్ పెట్టాలి, ఈలోపు కూలర్ రెక్కల్లో దూది చూడాలి.